జిల్లా ఆదాయం సరే, కూలి ఎంత పెరిగింది?

(విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకూ, ఆసక్తి కొద్దీ వచ్చిన మిగతావారికీ అభివృద్ధి అర్థశాస్త్రం మీద ఇచ్చిన పరిచయ ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేసి మిగతాది ఉన్నదున్నట్టు ఉంచాం.)

వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చెయ్యండి. ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడుతున్నట్టున్నారు. అడగను, రండి. ఆ ఫ్యాను చప్పుడు ఎలాగూ ఆగదు, నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ఏటా రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలవారీగా తలసరి ఆదాయం లెక్కలు ఇస్తుంది. పేపర్లో చూసే ఉంటారు. అందులో మన విశాఖ జిల్లా ఎప్పుడూ మొదటి వరసలో ఉంటుంది. పక్కనున్న శ్రీకాకుళం, పైనున్న అల్లూరి సీతారామరాజు జిల్లా చాలా వెనకుంటాయి. మనం చూసి సంతోషిస్తాం. సంతోషించొద్దని నేను అనను. కానీ ఆ అంకె ఎలా వస్తుందో ఒక్కసారి చూద్దాం.

జిల్లా హద్దుల్లో ఏడాది మొత్తం ఎంత విలువ తయారైందో కూడతారు. పోర్టులో ఇంత, స్టీల్ ప్లాంట్‌లో ఇంత, రిఫైనరీలో ఇంత. కూడి, జనాభాతో భాగిస్తారు. మెలిక ఎక్కడుంది? విలువ ఇక్కడే తయారైంది, నిజం. కానీ వెళ్ళింది ఎవరి దగ్గరికి? రిఫైనరీ లాభం కంపెనీ ఖాతాలో పడుతుంది, ఆ కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉంది. పన్నులో పెద్ద ముక్క ఢిల్లీకి పోతుంది. డివిడెండ్ ఏ ఊళ్ళో ఉన్న షేర్‌హోల్డర్‌కి పోతుందో మనకి తెలీదు. భాగించేటప్పుడు మాత్రం రిఫైనరీ గోడ పక్కన మల్కాపురంలో అద్దెకుంటున్న కూలీ పేరు మీద కూడా ఒక వాటా రాసేస్తారు. తన పేరు మీద అంత డబ్బు రాశారని పాపం ఆయనకి తెలీను కూడా తెలీదు.

అందుకని ఈ సాయంత్రం ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. ఎవరైనా వచ్చి ఆదాయం ఇంత పెరిగిందంటే, సరే బాబూ, కూలి ఎంత పెరిగింది, ఆ కూలితో ఎన్ని కిలోల బియ్యం వస్తున్నాయి అని అడగాలి. అభివృద్ధి అర్థశాస్త్రంలో సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. వాటిలో నాకు ముఖ్యం అనిపించినవన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చాయి.

అలాగని వృద్ధి అక్కర్లేదని నేను చెప్పబోతున్నానని ఎవరూ అనుకోకండి. వృద్ధిని వెక్కిరించడం మనలాంటి చదువుకున్నవాళ్ళకి ఒక ఫ్యాషన్. లెక్క చూడండి. 70ని వృద్ధి రేటుతో భాగిస్తే ఆదాయం ఎన్నేళ్ళకి రెట్టింపవుతుందో సుమారుగా వచ్చేస్తుంది. ఏడు శాతమైతే పదేళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి ముప్పై ఏళ్ళు మన దేశం సగటున మూడున్నర శాతం చొప్పున పెరిగింది. రాజ్ కృష్ణ అనే ఆర్థికవేత్త దానికి ‘హిందూ వృద్ధి రేటు’ అని వెటకారంగా పేరు పెట్టాడు. అందులోంచి జనాభా పెరుగుదల రెండు శాతం పైన తీసేయండి. మనిషికి మిగిలేది ఒకటిన్నర లోపే. 70ని దాంతో భాగిస్తే ఎంత? సుమారు యాభై ఏళ్ళు! అంటే తాత చూసిన జీవితం రెట్టింపు కావాలంటే మనవడు వచ్చేదాకా ఆగాలి. ఆ ఎదుగుదల నుంచి పేదవాడికి ఏం పంచుతారు? పంచడానికి ముందు ఉండాలి కదా. చైనాలో 1978 సంస్కరణల తర్వాత నలభై ఏళ్ళలో దాదాపు 80 కోట్ల మంది అతి పేదరికం నుంచి బయటపడ్డారు. వృద్ధి లేకుండా అది అయ్యే పని కాదు.

మరైతే పేదవాడంటే ఎవరు? గీత ఎక్కడ గీయాలి?

ఈ ప్రశ్న వేసి లెక్క కట్టిన తొలి మనవాడు దాదాభాయ్ నౌరోజీ. ఆయన చేసిన పని నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. అప్పట్లో మన కూలీలు ఓడలెక్కి పరాయి దేశాల తోటలకి వెళ్ళేవాళ్ళు. మన కోస్తా నుంచి కూడా వెళ్ళారు, రంగం, అంటే రంగూన్, వెళ్ళిన కుటుంబాల వాళ్ళు ఈ హాల్లోనే ఉండొచ్చు. ఓడలో కూలీ చచ్చిపోకుండా ఒడ్డు చేరాలంటే రోజుకి ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత నూనె, ఇంత ఉప్పు ఇవ్వాలని ప్రభుత్వమే ఒక లెక్క పెట్టింది. నౌరోజీ ఆ లెక్క తీసుకున్నాడు. దానికి 1867-68 ధరలు కట్టాడు. ప్రాంతాన్ని బట్టి మనిషికి ఏడాదికి 16 నుంచి 35 రూపాయలు తేలింది. సరే, దేశంలో సగటు ఆదాయం ఎంత? అదీ ఆయనే కట్టాడు. 20 రూపాయలు. జైళ్ళలో ఖైదీ తిండికీ బట్టకీ ఎంత ఖర్చవుతోందో కూడా తీశాడు. చాలాచోట్ల అది బయట ఉన్న సగటు మనిషి ఆదాయం కన్నా ఎక్కువ! అంటే తప్పు చేసి లోపల ఉన్నవాడు, ఏ తప్పూ చేయకుండా బయట ఉన్నవాడి కన్నా బాగా తింటున్నాడు. తెల్లవాడి కాగితాలతోనే తెల్లవాడికి లెక్క చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచలేదు.

ఒక సంగతి గమనించండి. ఆయన గీసిన గీత కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషికి సరిపోయే తిండి గీత. ఓడలో కూలీకి పని ఉండదు, కూర్చునే ఉంటాడు. పొలంలో వంగి నాటేవాళ్ళకి అది చాలదు. ఆ మాట ఆయనా చెప్పాడు.

తర్వాత వచ్చిన గీతలన్నీ ఆ దారిలోవే. 1971లో దండేకర్, రథ్ అనే ఆర్థికవేత్తలు మనిషికి రోజుకి 2,250 క్యాలరీలని కట్టారు. తర్వాత ప్రణాళికా సంఘం పల్లెలో 2,400, పట్నంలో 2,100 అంది. 2011లో అదే సంఘం పట్నంలో రోజుకి 32 రూపాయలు, పల్లెలో 26 అని సుప్రీంకోర్టుకి చెప్పి దేశం మొత్తం చేత చీవాట్లు తింది. 2014లో రంగరాజన్ కమిటీ గీతని కాస్త పైకి జరిపింది. జరపగానే ఏమైంది? 2011-12 సంవత్సరానికే, అదే జనానికి, అంతకు ముందున్న టెండూల్కర్ కమిటీ పద్ధతిలో నూటికి 22 మంది పేదలైతే రంగరాజన్ పద్ధతిలో దాదాపు 30 మంది అయ్యారు. ఒక్క ఇంట్లో ఒక్క గింజ తగ్గలేదు, కోట్ల మంది మాత్రం రాత్రికి రాత్రి పేదలైపోయారు. ప్రపంచ బ్యాంకు గీత 2025లో రోజుకి మూడు డాలర్లకి మారింది. అది మనం బ్యాంకులో మార్చుకునే డాలర్ కాదు, ఏ దేశం ధరలకి ఆ దేశంలో సర్దిన డాలర్. పరీక్షలో రాసేటప్పుడు అది మర్చిపోకండి.

గీత పనికిరాదని కాదు. ఒకే గీత పెట్టుకుని పదేళ్ళ కిందట ఎంత, ఇప్పుడెంత అని పోల్చడానికి పనికొస్తుంది. గీత పైన రూపాయి ఎక్కువున్నవాడు సుఖంగా ఉన్నాడని చెప్పడానికి మాత్రం వాడకూడదు.

ఇక అసలు విషయం, వృద్ధి పేదవాడి దాకా ఎలా వస్తుందన్నది. దీనికి చాలామంది చెప్పే పాత జవాబు ఆర్థర్ లూయిస్‌ది. సెయింట్ లూసియా అనే చిన్న దీవిలో పుట్టిన నల్లజాతి పండితుడు. 1954లో ఒక వ్యాసం రాశాడు, 1979లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది మన ఉత్తరాంధ్ర వాళ్ళకి వివరించక్కర్లేదు. ఎకరం పొలం, ఇంట్లో నలుగురు అన్నదమ్ములు. నలుగురూ పొలానికే వెళ్తారు. ఇద్దరు వెళ్ళినా పంట అంతే పండుతుంది. మిగతా ఇద్దరూ పని ఉన్నట్టే కనపడతారు, నిజానికి పని లేదు. ఆ ఇద్దరూ పట్నంలో ఫ్యాక్టరీకి వస్తే పల్లెలో పంట తగ్గదు, పట్నంలో ఉత్పత్తి పెరుగుతుంది. ఫ్యాక్టరీ లాభంతో యజమాని ఇంకో ఫ్యాక్టరీ పెడతాడు, ఇంకో ఇద్దరొస్తారు. అలా వస్తూ వస్తూ ఒకరోజు పల్లెలో మిగులు మనుషులు అయిపోతారు. అప్పుడు కూలి పెరగడం మొదలవుతుంది, పల్లెలోనూ పట్నంలోనూ. దాన్నే లూయిస్ మలుపు అంటారు. అక్కడి దాకా వృద్ధి ఉంటుంది, కూలి మాత్రం కదలదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మనం ఇంకా ఆ మలుపు ఇవతలే ఉన్నాం.

ఎలా తెలుసంటారా? ఇప్పుడు దేశ ఉత్పత్తిలో వ్యవసాయం వాటా ఐదో వంతు కన్నా తక్కువ. పనిచేసేవాళ్ళలో మాత్రం నూటికి 45 మంది ఇంకా అందులోనే ఉన్నారు. కాగితం మీద వేసి చూడండి, పొలంలో మనిషి తీసే విలువ బయట మనిషి తీసేదాంట్లో సుమారు నాలుగో వంతు తేలుతుంది.

కొరియా ఆ మలుపు దాటింది. 1960ల మొదట్లో దక్షిణ కొరియా మనలాగే పేద దేశం. అంతకు పదేళ్ళ ముందే భూమి పంచేసింది, పిల్లలందరినీ బడికి పంపింది. తర్వాత ఏం అమ్మిందో తెలుసా? చొక్కాలు, ప్లైవుడ్, విగ్గులు. నవ్వకండి, విగ్గులు నిజంగానే వాళ్ళ పెద్ద ఎగుమతుల్లో ఒకటి. మనం తిరుమల తలనీలాలు వేలం వేసి అమ్ముకుంటాం చూశారా, వాళ్ళు వెంట్రుకని విగ్గు చేసి అమెరికాకి అమ్మారు. విగ్గు కుట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, వేల మంది ఆడపిల్లల చేతులు కావాలి. ఆ చేతుల దగ్గరే ఉంది కిటుకు. ఓడలూ ఉక్కూ ఆ తర్వాత వచ్చాయి.

మనం ఏం చేశాం? మనం ఉక్కుతో మొదలుపెట్టాం. రెండో పంచవర్ష ప్రణాళిక, 1956, గణాంకవేత్త మహలనోబిస్ గీసిన నమూనా. ముందు యంత్రాలు తయారుచేసే యంత్రాలు కావాలి, మిగతావి వాటంతట అవే వస్తాయని. అలాంటి ఆలోచన కళ్ళతో చూడాలంటే విశాఖ కన్నా మంచి ఊరు లేదు. పోర్టు 1933 నాటిది. షిప్‌యార్డులో తయారైన జలఉషని 1948లో నెహ్రూ నీళ్ళలోకి దింపారు. 1957లో రిఫైనరీ. ఆ తర్వాత బీహెచ్‌పీవీ అనే భారీ పరికరాల ఫ్యాక్టరీ, జింక్ కర్మాగారం. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. జాతికి అంకితం ఎప్పుడు? 1992లో. రాయి వేసినప్పుడు ఉద్యోగం వస్తుందనుకున్న కుర్రాడికి అప్పటికి జుట్టు నెరిసింది.

ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను, స్టీల్ ప్లాంట్ వాళ్ళు ఎవరైనా ఉంటే కోప్పడొద్దు. ఆ పరిశ్రమలు ఈ ఊరికి ఇచ్చింది తక్కువేం కాదు. పర్మనెంట్ ఉద్యోగం, క్వార్టర్, పీఎఫ్, పిల్లలకి బడి. ఒక తరం మొత్తం పైకి లేచింది. అలాంటి ఉద్యోగం విలువ తెలుసు కాబట్టే జనం దాని కోసం ప్రాణాలకి తెగించారు. కానీ ఏడాదికి 73 లక్షల టన్నుల ఉక్కు తీయగల ప్లాంటు అయినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మిగులు మనుషుల్ని పీల్చుకోలేదు. పీల్చుకోవడానికి కట్టింది కాదు. కొలిమికి బొగ్గు కావాలి, ఖనిజం కావాలి, మనుషులు కొద్దిగానే కావాలి. అందుకే ఉక్కు కర్మాగారం పక్కనున్న ఉత్తరాంధ్ర నుంచే జనం హైదరాబాద్, చెన్నై భవనాల పనికి రైలెక్కుతున్నారు, మన జాలర్లు గుజరాత్ వెరావల్ దాకా వెళ్ళి పరాయి పడవల మీద వేటకెళ్తున్నారు. సముద్రం మన దగ్గర లేకనా?

అటు అచ్యుతాపురం చూడండి. బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీలు. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో వేల మంది ఆడపిల్లలు వస్తారు. పెట్టిన ప్రతి కోటికీ ఉక్కు కన్నా ఎన్నో రెట్ల మందికి పని దొరుకుతుంది. జీతం పెద్దది కాదు. గంటలకొద్దీ మిషన్ ముందు కూర్చోవడం సుఖమూ కాదు. కానీ పొలం కూలికి తప్ప బయటికి రాని పిల్ల చేతికి నెలకోసారి బ్యాంకులో డబ్బు పడుతోంది. పెళ్ళి రెండేళ్ళు వెనక్కి పెట్టండి అనే ధైర్యం అక్కడి నుంచే వస్తుంది. లూయిస్ చెప్పిన దారి ఇదే. మనకి చాలా ఆలస్యంగా, చాలా సన్నగా వచ్చింది.

ఇంతకీ పట్నంలో అందరికీ పని లేదని తెలిసి కూడా జనం ఎందుకొస్తారు? పొద్దున్నే అడ్డా మీద యాభై మంది నిలబడితే మేస్త్రీ ఇరవై మందిని తీసుకెళ్తాడు. మిగతావాళ్ళు టీ తాగి ఇంటికి పోతారు, మర్నాడు మళ్ళీ వస్తారు. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళా? 1970లో హ్యారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు చెప్పారు, కాదని. పట్నం కూలి పల్లె కూలికి మూడింతలైతే, రెండు రోజులకొక రోజు పని దొరికినా గిట్టుబాటే. కాబట్టి పట్నంలో నాలుగు ఉద్యోగాలు పెంచితే నిరుద్యోగం తగ్గకపోగా పెరగొచ్చు, ఎందుకంటే ఆశ చూసి ఇంకా పదిమంది వస్తారు. పల్లెలో కూలి పెరిగితేనే ఆ లెక్క మారుతుంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు రైతులు గోల పెట్టారు గుర్తుందా, కూలీలు దొరకట్లేదు, రేటు పెంచేశారు అని. రైతు బాధ నిజమే. కానీ కూలి రేటు పెరగడం ఆ పథకం లోపం కాదు, ఫలితం.

బియ్యం సంగతి చెప్తానన్నాను కదా. 1943లో బెంగాల్లో కరువొచ్చి ఇరవై, ముప్పై లక్షల మంది పోయారు. దేశంలో తిండి లేకనే పోయారని అందరూ అనుకున్నారు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ లెక్కలు తీసి చూస్తే, ఆ ఏడాది అక్కడ మొత్తం తిండి గింజలు అంతకు రెండేళ్ళ ముందు కన్నా తక్కువేం లేవు. మరి ఎవరు పోయారు? వ్యవసాయ కూలీలు, జాలర్లు, పడవ వాళ్ళు. యుద్ధం ఖర్చుతో ధర ఎగిరింది, కూలి అలాగే ఉంది. నిన్నటి కూలికి వచ్చే బియ్యంలో సగం కూడా రావట్లేదు. కలకత్తాలో గోడౌన్లు ఉన్నాయి, గింజలు ఉన్నాయి, చేతిలో కొనే శక్తి లేదు. మన దగ్గర 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే పెద్దపెద్దవాళ్ళు నవ్వారు. అది కూలీకి ఏం చేసిందో ఇప్పుడు మీరే చెప్పండి. కూలి పెంచకుండానే కూలి విలువ పెంచింది.

ఇంకొకటి, త్వరగా చెప్పేస్తాను, టైమ్ అవుతోంది. పేదలంటే ఒక చోట నిలిచి ఉండే జనం కాదు. పేదరికంలోంచి ఒక తలుపు గుండా కొందరు బయటికి వెళ్తుంటే ఇంకో తలుపులోంచి కొందరు లోపలికి వస్తుంటారు. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు మన రాష్ట్రంలో ఊరూరా తిరిగి అడిగిస్తే, లోపలికి పడిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణంగా తేలింది జబ్బు, ఆస్పత్రి ఖర్చు. ఆ తర్వాత పెళ్ళిళ్ళూ కర్మలూ, వాటి కోసం చేసిన అప్పులూ. అప్పు అంటే గుర్తొచ్చింది. చిన్న అప్పులిస్తే పేదరికం పోతుందని ఒక కాలంలో ప్రపంచమంతా నమ్మింది. హైదరాబాద్ బస్తీలు 104 తీసుకుని, సగం చోట్ల ముందు అప్పులిచ్చి, సగం చోట్ల ఇవ్వకుండా పోల్చి చూశారు, ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో బృందం. ఉన్న కొట్టు కాస్త పెద్దదైన వాళ్ళున్నారు. ఇంటి ఖర్చు మొత్తమ్మీద పెరగలేదు, పిల్లల చదువు మారలేదు. ఈలోగా 2010లో మన రాష్ట్రంలో వాయిదాల కోసం ఆ అప్పుల కంపెనీల వేధింపులు పెరిగి ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. కూలి పెంచలేని చోట అప్పు పెంచితే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ఆ, చెప్పండి మాస్టారూ. ఉచితంగా ఇస్తే జనం సోమరులైపోరా అని. ఇది ఎక్కడికెళ్ళినా అడుగుతారు. చాలా దేశాల్లో పేదలకి నగదు ఇచ్చి, వాళ్ళు పని మానేశారా అని జాగ్రత్తగా చూశారు. మానేసినట్టు ఆధారం దొరకలేదు. నిజంగా అడగాల్సింది వేరే ఉంది. ఆ డబ్బు ఇవ్వడం కోసం బడిలో టీచర్ పోస్టు ఖాళీగా పెట్టామా, పాడేరు కొండల మీద గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊరికి రోడ్డు ఆపేశామా? అలా అయితే తప్పే.

అమ్మాయి, నువ్వు చెప్పు. డేటా సెంటర్. అవును, గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది, ఇక్కడ ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని. ఇది మన ఊరికి మంచిదా అని కదా నీ ప్రశ్న? జిల్లా తలసరి ఆదాయం అంకె మాత్రం ఎగురుతుంది, అందులో అనుమానం లేదు. కట్టేటప్పుడు మేస్త్రీలకీ వెల్డర్లకీ ఎలక్ట్రీషియన్లకీ పని ఉంటుంది. కట్టేశాక లోపల యంత్రాలుంటాయి, మనుషులు తక్కువ. ఉక్కు కన్నా ఇంకా తక్కువ. కాబట్టి లాభం కూలి దారిలో రాదు, వస్తే పన్ను దారిలోనో, దాన్ని చూసి వచ్చే వేరే కంపెనీల దారిలోనో రావాలి. అప్పుడు నువ్వు అడగాల్సినవి ఇవి. భూమి ఎంతకిచ్చారు, కరెంటు యూనిట్ ఎంతకి, నీళ్ళు ఏ రిజర్వాయర్ నుంచి, ఎన్నేళ్ళు పన్ను మాఫీ, ఆ తర్వాత వచ్చే పన్నులో ఈ జిల్లాకి మిగిలేదెంత. ఒప్పందంలో ఇవన్నీ రాసే ఉంటాయి. మీ కాలేజీ వాళ్ళు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఏం రాయాలో తెలీకపోతే మెట్ల దగ్గర ఉంటాను, రండి.